ఆ మూడు రాత్రులు మీ అన్నయ్యకు గుర్తులేవు

మీరు రాసినదాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. ఎక్కడైనా పొరపాటు పడితే సరిదిద్దండి. మీ అన్నయ్యకు 46 ఏళ్లు. పదిహేనేళ్లుగా రోజూ తాగుతున్నారు, రెండేళ్లుగా పొద్దున్నే ఒక పెగ్గు పడితే తప్ప చేతుల వణుకు ఆగడం లేదు. రెండు నెలల క్రితం బండి మీద నుంచి పడి కాలి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. ఆసుపత్రిలో చేరిన మూడో రోజు రాత్రి గోడల మీద చీమలు పాకుతున్నాయని కేకలు వేశారు, సెలైన్ సూది పీకేసుకున్నారు, కట్టుతోనే మంచం దిగబోయారు, కన్నతల్లిని గుర్తుపట్టలేదు. మూడు రాత్రులు అలాగే గడిచాయి. ఐసీయూలో అయిదు రోజులు ఉంచి బతికించారు. ఇంటికి వచ్చాక మాత్రం "అదంతా ఆపరేషన్ మత్తు పడక జరిగింది, నేనేం తాగుబోతును కాను" అంటున్నారు. మూడు వారాలుగా "బీరే కదా" అంటూ మళ్లీ మొదలుపెట్టారు. మీ అమ్మగారు ఎవరో చెప్పిన పొడి తెప్పించి కూరలో కలపమంటున్నారు. మీ వదినగారు నోరు విప్పడం లేదు. మీరు ఒకసారి గట్టిగా నిలదీస్తే "మా ఇంటికి రావద్దు" అని మీ అన్నయ్య అనేశారు. తాగుబోతును కానంటున్న ఆయనను చికిత్సకు ఎలా తీసుకురావాలన్నది మీ ప్రశ్న.

నేను వైద్యురాలిని కాను. ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, మద్యం మాన్పించే వార్డులో 24 ఏళ్లు సైకియాట్రిక్ సోషల్ వర్కరుగా పనిచేశాను. మందులు రాయడం డాక్టర్ల పని; మందులు మింగనని మొండికేసిన మనిషినీ, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన ఇంటివాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టడం నా పని. అందువల్ల మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించినది మీ అన్నయ్య మొండితనం కాదు. ఆయనకు ఆ మూడు రాత్రులు గుర్తులేకపోవడం.

ఏళ్ల తరబడి రోజూ మద్యం పడే మెదడు, ఆ మత్తును తట్టుకొని మెలకువగా ఉండడం కోసం తన ఉద్రేకాన్ని ఎప్పుడూ పెంచుకొనే ఉంటుంది. మద్యం ఉన్నట్టుండి ఆగిపోతే అణిచే మత్తు పోతుంది, పెరిగిన ఉద్రేకం మాత్రం అలాగే మిగులుతుంది. చివరిసారి తాగిన ఆరేడు గంటలకు వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పుతుంది. దీన్నే డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వార్డుల్లో పొట్టిగా డీటీ అంటాం. ఇది ప్రాణాంతకమైన స్థితి. ఆ స్థితిలో ఉన్న మెదడు జరుగుతున్నదాన్ని సరిగ్గా నమోదు చేసుకోలేదు, కాబట్టి కోలుకున్న తరువాత చాలామందికి ఏమీ గుర్తుండదు, లేదా తెగిన ముక్కలుగా గుర్తుంటుంది. మీ ఇంట్లో అందరూ కళ్లారా చూసిన భయంకరమైన సంఘటనను చూడని మనిషి ఒక్కరే ఉన్నారు, ఆయన మీ అన్నయ్య. మీరు "అంత జరిగినా బుద్ధి రాలేదా" అని అడుగుతున్నప్పుడు ఆయనకు వినిపించేది తన గురించి ఇతరులు చెప్పుకుంటున్న ఒక కథ మాత్రమే, అందులోనూ పరువు తీసే కథ.

మత్తు పడకపోవడం వల్ల జరిగిందన్న మాటను కూడా మీరు ఒక్క మాటతో కొట్టిపారేయవద్దు. పెద్ద ఆపరేషన్ల తరువాత కొంతమందికి, ముఖ్యంగా వయసు మళ్లినవారికి, మతి తప్పడం నిజంగానే ఉంది, ఆయన ఆ మాట ఎక్కడో విని ఉంటారు. అయితే చివరి పెగ్గుకూ ఆ రాత్రికీ మధ్య గడిచిన సమయం, వణుకు, ఒళ్లంతా చెమట, పెరిగిన రక్తపోటు, మెదడు ఉద్రేకాన్ని తగ్గించే లోరాజెపామ్ అనే మందు ఇచ్చాక తేరుకోవడం, వీటన్నిటినీ కలిపి చూసి ఐసీయూ డాక్టరు కారణం నిర్ధారించి ఉంటారు. ఆ నిర్ధారణ డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది. ఈ వాదన మీకూ ఆయనకూ మధ్య నడవకూడదు. ఆయనకూ ఆ కాగితానికీ మధ్య, ఒక డాక్టరు ఎదురుగా నడవాలి.

ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం మా వార్డులో ఒక బస్సు డ్రైవరు ఉండేవారు. డీటీలో ఉన్న మనిషి తన రోజువారీ పనినే గాలిలో చేస్తూ ఉండడం మేము తరచుగా చూస్తాం. దర్జీలు సూదిలో దారం ఎక్కిస్తారు, రైతులు కలుపు తీస్తారు. ఈయన మంచం మీద బాసింపట్టు వేసుకొని, కుడి చేత్తో లేని స్టీరింగు పట్టుకొని, ఎడమ చేత్తో దుప్పటి అంచును గేరు రాడ్డులాగా లాగుతూ, మలుపు వచ్చినప్పుడల్లా ఒళ్లంతా ఒక పక్కకు వంచుతూ తెల్లవార్లూ బస్సు నడిపారు. ఆయన భార్య పక్కన స్టూలు మీద కూర్చొని, కిందపడిపోకుండా నడుము దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, ఏ ఊరు వచ్చిందో అడిగితే జవాబు చెబుతూ ఉన్నారు. వారం తరువాత ఆయన కూడా మీ అన్నయ్యలాగే "నాకేమీ కాలేదు, జ్వరం ఎక్కువైంది" అన్నారు. ఆమె వాదించలేదు. ఒక ఉదయం టీ ఇస్తూ, గొంతు పెంచకుండా, దుప్పటి అంచుతో సహా ఆ రాత్రి ఎలా గడిచిందో వరుసగా చెప్పారు. తాగుబోతు అన్న మాట వాడలేదు, పిల్లల భవిష్యత్తు ఎత్తలేదు. ఆయన చాలాసేపు ఊరుకొని, "బస్సులో జనం ఉన్నారా?" అని అడిగారు. "నిండా ఉన్నారు" అని ఆమె అన్నారు. ఆ రోజే ఆయన మారిపోయారని నేను చెప్పను. ఇంటికి వెళ్లి మళ్లీ తాగారు, మూడు నెలల తరువాత తనంతట తానే ఓపీకి వచ్చి చీటీ రాయించుకున్నారు. రావడానికి కారణం అడిగితే ఆ జనం మాటే చెప్పారు.

మీరు కూడా ఒక్కసారి చెప్పండి, ఒక్కసారే చెప్పండి. ఆయన వణుకూ మత్తూ లేని వేళ చూసుకోండి; ఆయన విషయంలో అది ఉదయం పది గంటల ప్రాంతం కావచ్చు, ఎందుకంటే తెల్లవారగానే వణుకుతో ఉంటారు, సాయంత్రం మత్తులో ఉంటారు. చూసినదే చెప్పండి, మీ అభిప్రాయం కలపవద్దు. "అన్నయ్యా, ఆ రాత్రి నువ్వు అమ్మను చూసి ఎవరని అడిగావు. సూది పీకేస్తే దుప్పటి అంతా రక్తమైంది. నాకు చాలా భయం వేసింది. ఎందుకు జరిగిందో నువ్వూ నేనూ వాదించుకోవద్దు, కాగితాలు పట్టుకొని ఒకసారి డాక్టరునే అడుగుదాం, నేను తోడు వస్తాను." ఇంతే. ఆయన "నేను తాగుబోతును" అని ఒప్పుకోవాల్సిన అవసరం చికిత్స మొదలుకావడానికి లేదు. మన ఊళ్లలో ఆ మాట ఒక రోగం పేరు కాదు, తిట్టు. తిట్టును ఎవరూ తమ పేరుగా అంగీకరించరు. "నిద్ర పట్టడం లేదు", "కాలి తిమ్మిరి తగ్గడం లేదు", "లివరు పరీక్ష చేయించుకోమన్నారు" అన్న ఏ కారణంతో డాక్టరు గడప తొక్కినా మనకు చాలు.

ఆయన కోపగించుకుంటే లేచి వచ్చేయండి, సంబంధం తెంచుకోవద్దు. తాగని రోజున మామూలుగా ఫోను చేయండి, క్రికెట్ గురించి మాట్లాడండి. తాగి ఫోను చేసిన రోజున "రేపు పొద్దున మాట్లాడుకుందాం అన్నయ్యా" అని పెట్టేయండి. ఈ తేడాను ఆయన గమనిస్తారు.

"నేను మాల వేసుకుంటే 41 రోజులు ముట్టను, నాకు అలవాటేమిటి" అన్న వాదన కూడా ఆయన చేస్తారని నా అనుభవం చెబుతోంది. దాదాపు ప్రతి కుటుంబం నుంచీ ఈ మాట విన్నాను. అయ్యప్ప దీక్షను నేను ఎంతో గౌరవిస్తాను, ఆ నియమం పట్టుకొని శాశ్వతంగా బయటపడ్డవారూ నాకు తెలుసు. అయితే కార్తీకమాసం మొదటి వారంలో నల్లబట్టలతోనే ఫిట్స్ వచ్చి మా వార్డుకు చేరినవారు కూడా తక్కువేమీ లేరు. మా బాబాయి ఆ దారిలోనే పోయారు. మాల వేసుకున్న మూడో రోజు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి బావి దగ్గరకు వెళ్లి పడిపోయారు. స్వామికి కోపం వచ్చిందని ఇంట్లో అనుకున్నారు, నాకు అప్పుడు పదిహేడేళ్లు, నేనూ అలాగే అనుకున్నాను. అసలు కారణం పన్నెండేళ్ల తరువాత ఈ ఉద్యోగంలో చేరాక తెలిసింది. అందుకే, కొన్నాళ్లు మానగలగడం అలవాటు లేదనడానికి రుజువు కాదని మీ అన్నయ్యకు ఎవరైనా చెప్పగలిగితే మంచిది, చెప్పలేకపోయినా మీరు మాత్రం తెలుసుకోవాలి.

ఇక్కడే మీకు వింతగా తోచే సలహా ఒకటి ఇవ్వాలి. సీసాలు పారబోయకండి, గదిలో పెట్టి తాళం వేయకండి, "ఈ రోజు నుంచి చుక్క ముట్టనని పిల్లల మీద ఒట్టు వెయ్యి" అనకండి. ఒకసారి డీటీ వచ్చిన మనిషికి మళ్లీ రోజూ తాగే స్థితి వచ్చి హఠాత్తుగా ఆపితే, మళ్లీ డీటీ వచ్చే ప్రమాదం ఎక్కువ. ప్రతిసారీ అది ముందుకంటే తీవ్రంగా రావచ్చు. ఆయన మానాలి, కానీ వైద్యుల పర్యవేక్షణలో మానాలి. ఆసుపత్రిలో చేర్చుకొని క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందులను మోతాదు చూసి ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో దించుతారు. లివరు బాగా దెబ్బతిన్నవారికి లోరాజెపామ్ వాడతారు. వాటితో పాటు బి1 విటమిన్, అంటే థయమిన్, ఇంజెక్షన్లుగా ఇస్తారు. ఈ నిద్రమందులను మీరు దుకాణంలో కొని ఇంట్లో ఇవ్వకూడదు, మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. ఒకవేళ ఆయనే పంతం పట్టి ఆపేసి, వణుకు, వాంతులు, నిద్రలేమి మొదలైతే అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, తేదీ, ఊరు తప్పుగా చెబుతున్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి. చేరేటప్పుడు "రోజూ తాగుతారు, చివరిసారి ఫలానా సమయానికి తాగారు, ఇదివరకు డీటీ వచ్చింది" అని మూడు ముక్కల్లో చెప్పండి. మొదటిసారి ఎముకల వార్డులో ఈ సంగతి పరువు కోసం ఎవరూ చెప్పలేదని మీరే రాశారు. నేను మిమ్మల్ని నిందించడం లేదు, దాదాపు ఎవరూ చెప్పరు. ఇకమీదట మాత్రం తప్పక చెప్పండి.

కల్లు కూడా తాగుతారని రాశారు, అది డాక్టరుకు విడిగా చెప్పాలి. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు కలుపుతున్నారన్నది ఎప్పటినుంచో ఉన్న సంగతే. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీ వణుకులతో, ఫిట్స్‌తో వచ్చినవారితో కిక్కిరిసిపోయింది. కల్తీ కల్లు మానడం అంటే మద్యంతో పాటు మరో మత్తుమందును కూడా మానడం అన్నమాట.

బీరు సంగతికి వస్తాను. 42.8 శాతం ఆల్కహాలు ఉండే బ్రాందీ లేదా విస్కీ క్వార్టరులో, అంటే 180 మిల్లీలీటర్లలో, సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 8 శాతం ఉండే స్ట్రాంగు బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 40 గ్రాములు ఉంటుంది. ఆయన రోజుకు రెండు సీసాలు తాగుతున్నారని రాశారు కాబట్టి, ఆ లెక్కన అవి స్ట్రాంగు బీర్లే అయితే ఆయన క్వార్టరు కంటే ఎక్కువే తాగుతున్నారు. ఈ లెక్కను ఆయన ముఖాన కొట్టవద్దు. డాక్టరు అడిగినప్పుడు "బీరు మాత్రమే" అనకుండా సీసాల సంఖ్యా శాతమూ చెప్పడానికి మీకు ఉపయోగపడుతుంది.

మీ అమ్మగారి పొడి గురించి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. తెలియకుండా కూరలో కలిపితే తాగుడు మాన్పిస్తామని ఫోన్లలో, బస్టాండు గోడల మీద ప్రకటించే పొడుల్లో ఏముందో చీటీ మీద ఉండదు. కొన్ని కుటుంబాలు తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ మాత్రలనే పొడి చేసి కలుపుతాయి. డైసల్ఫిరామ్ మంచి మందే, కానీ అది వేసుకున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది, ప్రాణం పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆఖరి మాత్ర వేసుకున్నాక రెండు వారాల వరకు ఆ ప్రమాదం ఉంటుంది. అందుకే తెలిసి, ఒప్పుకొని, గుండె, లివరు పరీక్షలు చేయించుకొని, డాక్టరు చెప్పినట్టు మాత్రమే వేసుకోవాలి. మీ అన్నయ్య ఈ మూడు వారాలుగా తాగుతూనే ఉన్నారు కాబట్టి ఆ పొడి ఈ రోజే ఇంట్లో నుంచి బయటికి పోవాలి. ఇంకొక నష్టం కూడా ఉంది. ఆయనకు అది తెలిసిన రోజున మీ ఇంట్లో పెట్టిన అన్నం ముద్దను కూడా నమ్మరు, తరువాత డాక్టరు ఇచ్చే మాత్రనూ నమ్మరు. మీ అమ్మగారిని కోప్పడకండి, కొడుకు చనిపోతాడేమోనన్న భయంతో చేస్తున్నారు. ఆమెకు చేయడానికి మరో పని ఇవ్వండి. థయమిన్ మాత్రలు రాయించుకున్నాక వాటిని సమయానికి అందించే పని ఆమెదే కావచ్చు.

ఆసుపత్రిలో మద్యం మాన్పించిన తరువాత తాగాలన్న కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు ఉన్నాయి. ఏది తగినదో లివరు, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరు నిర్ణయిస్తారు. మరొక జాగ్రత్త: ఆయన ఇప్పటికీ చెప్పిందే చెబుతున్నా, జరగనివి జరిగినట్టు నమ్మకంగా చెబుతున్నా, నడకలో తూలుతున్నా, అది అబద్ధమాడడం కాకపోవచ్చు. థయమిన్ లోపంతో మెదడు దెబ్బతిన్నప్పుడు జ్ఞాపకంలోని ఖాళీలను మనసు తనకు తెలియకుండానే నింపుకుంటుంది. ఇది తప్పక పరీక్షించవలసిన విషయం.

ఇప్పుడు మీ వదినగారి గురించి. ఆమె మౌనం నాకు మీ అన్నయ్య మాటల కంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. రాత్రి ఆయన పడిపోతే లేపి, వాంతి తుడిచి, పొద్దున ఆఫీసుకు ఫోను చేసి కడుపునొప్పి అని చెప్పే మనిషి ఆమె. ప్రేమతో చేస్తున్న ఆ పనులే తాగుడు తెచ్చే నష్టాన్ని ఆయన కంటికి కనిపించకుండా తుడిచేస్తున్నాయి. ఆమెకు ఈ మాట ఆడపడుచు నోటి నుంచి వస్తే నిందలాగా వినిపిస్తుంది కాబట్టి మీరు చెప్పవద్దు, కౌన్సెలరు చేత చెప్పించండి. అమెరికాలోని న్యూ మెక్సికోలో మిల్లర్, మేయర్స్ బృందం 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చికిత్సకు ససేమిరా అన్నవారి కుటుంబాలను మూడు గుంపులుగా చేసి చూశారు. తాగని సమయంలో ఆప్యాయంగా ఉండడం, తాగినప్పుడు పక్కకు తప్పుకోవడం, దాని ఫలితాలను వారినే అనుభవించనివ్వడం, సరైన క్షణంలో చికిత్స మాట ఎత్తడం నేర్చుకున్న కుటుంబాల్లో 64 శాతం మంది తమవారిని చికిత్సకు తీసుకురాగలిగారు. అందరూ కలిసి చుట్టూ కూర్చొని నిలదీసే పద్ధతిలో అది 30 శాతమే. మన పెదనాన్నలను, బావలను పిలిపించి పెట్టే పంచాయితీ సరిగ్గా ఆ రెండో పద్ధతి. దానిని నేను ఎన్నడూ ప్రోత్సహించలేదు. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా కలుసుకొనే ఆల్కహాలిక్స్ అనానిమస్ సభలు ఆయన ఇష్టపడితే ఆయనకు. కుటుంబసభ్యుల కోసం 1951లో మొదలైన ఆల్-అనాన్ సభలు, ఆయన మారినా మారకపోయినా, మీ వదినగారికి. ఇంట్లో నుంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416, మత్తు విముక్తి జాతీయ సహాయవాణి 14446 ఉన్నాయి. టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

రాత్రికి రాత్రే మనుషులను పంపి కట్టేసి తీసుకుపోతామనే కేంద్రాల జోలికి వెళ్లకండి. మూడు నెలలు చూడనివ్వబోమన్న చోట లోపల ఏం జరుగుతుందో వీపుల మీద వాతలతో మా దగ్గరకు వచ్చినవారు చెప్పగా విన్నాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యానికి సంబంధించిన మానసిక స్థితులకూ వర్తిస్తుంది. ఒప్పుకోని మనిషిని చేర్చుకోవడానికి అందులో కచ్చితమైన షరతులు, నిపుణుల విడివిడి పరీక్షలు ఉన్నాయి. ఆ చట్టం కింద నమోదైన సంస్థా కాదా అని ముందే అడగండి.

ఆయన నిరాశగా మాట్లాడినా, "నేను పోతే మీకు పీడ వదులుతుంది" అన్నా తాగిన మాటగా తీసేయకండి. పొలం ఉన్న ఇల్లని రాశారు కాబట్టి, పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఈ రోజే వేరే చోటికి చేర్పించండి.

ఇక ఈ వారంలో చేయవలసిన పని. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కాగితం తెచ్చుకోండి. లోపల ఇంగ్లీషులో ఆల్కహాల్ విత్‌డ్రాయల్ డెలీరియం (డీటీకే మరో పేరు) అన్న మూడు మాటలు ఉన్నాయేమో చూడండి, లేకపోతే ఐసీయూలో వాడిన మందుల పట్టిక అడిగి తీసుకోండి. రెండు ప్రతులు తీయించి, ఒకటి మీ వదినగారి బీరువాలో ఆధార్ కార్డుల పక్కన పెట్టమనండి, రెండోది మీ బ్యాగులో ఉంచుకోండి. తరువాత మీరు ఒక్కరే, ఆయన లేకుండా, ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగం ఓపీకి వెళ్లి ఆ కాగితం చూపించి మాట్లాడండి. రోగి రాకపోయినా కుటుంబసభ్యులతో మాట్లాడే వైద్యులూ కౌన్సెలర్లూ ఉంటారు. వెళ్లి వచ్చాక ఏమన్నారో నాకు రాయండి, అక్కడి నుంచి మళ్లీ ఆలోచిద్దాం.